నీళ్ళలో కలిపిన మందు

మా లైన్లో నన్ను మైకు అంటారు. నా ముఖమ్మీద అనే ధైర్యం ఎవడికీ లేదు, వెనకాల అనుకుంటారు. గుడ్ల దుకాణాల వాళ్ళు, లారీ డ్రైవర్లు, దాణా బస్తాలు దించేవాళ్ళు, ఆఖరికి మా అత్తగారు కూడా. అనుకోనీండి, నాకేం నామోషీ లేదు. మాకు రెండు కోళ్ళ షెడ్లున్నాయి. కోళ్ళని సాకేది మా ఆయన, అవి పెట్టే గుడ్లని అమ్మేది నా నోరు. పొద్దున్నే ఫోను పట్టుకున్నానంటే దుకాణాల వాళ్ళతో గీచిగీచి బేరమాడి, చిట్లిన గుడ్లొచ్చాయని నసిగేవాణ్ణి దులిపేసి, లారీ ఆలస్యం చేసినవాణ్ణి కడిగేసి, అప్పుడు గానీ కాఫీ తాగను.

మా ఆయన సరిగ్గా నాకు ఎదురు. పెళ్ళైన కొత్తలో ఈ మనిషికి మాటలొచ్చా రావా అని నాకు నిజంగానే అనుమానమొచ్చింది. మౌనిబాబా అని పేరు పెట్టింది నేనే. ఆయన "ఊ" అంటే సరేనని, "ఊహూ" అంటే కాదని, ఏమీ అనకపోతే తనకి తోచిందే చేస్తాడని అర్థం. ఆ మూడోదే నా కొంప ముంచింది.

కోళ్ళ షెడ్డు తలుపు తీసేముందు మనిషి మాట వినిపించాలి. మా పనిలో ఎవరికైనా మొదట నేర్పేది అదే. చడీచప్పుడూ లేకుండా తలుపు తోశారంటే కోళ్ళు బెదిరిపోయి, మందంతా ఒక మూలకి పరిగెత్తి, ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. అందుకని నేను గేటు దగ్గర్నుంచే "వస్తున్నానర్రా తల్లులూ, వచ్చేస్తున్నా" అని కేకేసుకుంటూ వెళ్తాను. మా ఆయనైతే తలుపు మీద ఓ రేకు డబ్బా మూతతో టకటకా కొడతాడు. కోడితో కూడా మాట్లాడడు ఆ మహానుభావుడు.

అలాంటి నా గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి పోయిందిలే అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, రెండ్రోజులు నోరు మూసుక్కూచున్నాను కూడా. అది చూసి మా అత్తగారు నిజంగానే భయపడిపోయింది. "అమ్మాయ్, నువ్వు తిట్టకపోతే ఇల్లు ఇల్లులా లేదే, డాక్టరుకి చూపించుకో" అని నా ప్రాణం తీసింది. వెళ్తే, ముక్కులోంచి సన్నటి గొట్టం గొంతులోకి దింపి చూసి, ముక్క కోసి పరీక్షకి పంపి, చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. స్వరపేటిక మీద క్యాన్సరు గడ్డ.

"చిన్నదే, మొదట్లోనే దొరికింది," అంది డాక్టరమ్మ. "రేడియేషన్ ఇద్దాం. చాలామందికి దాంతోనే పోతుంది, గొంతూ మిగులుతుంది."

"పోకపోతే?" అన్నాను.

"పోకపోతే స్వరపేటిక తీసెయ్యాలి. మెడకి ముందు చిన్న రంధ్రం పెడతాం, ఊపిరి అందులోంచే. తర్వాత సాధన చేస్తే కొంతమంది ఏదో రకంగా మాట్లాడతారు. కానీ ఈ గొంతు మాత్రం ఉండదు."

నేను చావుకి భయపడనని గొప్పలు పోను. భయపడతాను. కానీ ఆ గదిలో నా గుండె జారిపోయింది గొంతు మాటకే. నాకు చదువు లేదు, అందం అంతకన్నా లేదు. పుట్టింట్లో ఉన్నప్పట్నుంచీ నన్ను ఈడ్చుకొచ్చింది ఈ నోరే. అది తీసేస్తే నేనెవర్ని?

లేవబోతుంటే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "ట్రీట్‌మెంట్ అయ్యేదాకా విటమిన్ మాత్రలు, బలం పొడులు ఏవీ సొంతంగా వాడొద్దు. మామూలు తిండి తినండి, పళ్ళూ కూరలూ తినండి, అవి చాలు."

"విటమిన్లు మంచివే కదండీ?" ఈ ప్రశ్న నేనడగలేదు. మా ఆయన అడిగాడు. నేను తిరిగి చూశాను, ఇంత మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని.

"మంచివే. అదే ఇబ్బంది. కిరణాలు ఆ గడ్డలో కణాల్ని ఒక రకంగా కాల్చి చంపుతాయి. సి, ఇ లాంటివి ఎక్కువ మోతాదులో వేసుకుంటే అలా కాలిపోకుండా అడ్డుపడొచ్చు. మంచి కణాన్ని కాపాడు, చెడ్డదాన్ని వదిలెయ్ అని వాటికి మనం చెప్పలేం కదా. దీని మీద తేలని సంగతులు ఇంకా ఉన్నాయి. తేలనప్పుడు మీ గొంతుతో పందెం కాయడం నాకిష్టం లేదు."

మా ఆయన ఇంకేమీ అనలేదు. సరేనన్నాడనుకున్నాను. చూశారా నా తెలివి.

మర్నాడే మా ఆడపడుచు దిగింది, సంచీ నిండా సీసాలతో. ఎవరో చెప్పారట, ఎవరికో తగ్గిందట, ఎక్కడో అందరూ ఇవే వాడుతున్నారట. "వదినా, బలం లేకపోతే ఆ కరెంటు ఎలా తట్టుకుంటావు?" అంటుంది. "తీసుకొచ్చిన సంచీ తీసుకొచ్చినట్టే పట్టుకుపో తల్లీ, నా గొంతు నాకు కావాలి" అన్నాను. పాపం మూతి ముడుచుకుంది. మా ఆయన సీసాలు ఒక్కొక్కటే తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, మీద రాసినవి చదివి, మళ్ళీ సంచీలో పెట్టాడు. "అన్నీ మన కోళ్ళకిచ్చేవే," అన్నాడు. అంతే.

రేడియేషన్ మొదలైంది. వారానికి అయిదు రోజులు. ముఖానికి అచ్చు తీసి, వల లాంటి గట్టి ముసుగు చేశారు. బల్ల మీద పడుకోబెట్టి అది ముఖానికి బిగించి నాలుగు వైపులా గొళ్ళాలు వేసేస్తారు. తల కదలదు, పెదవి విడదు. అందరూ బయటికి పోయి తలుపేసుకుంటారు. మిషను గుయ్‌మంటూ నా చుట్టూ తిరుగుతుంది. నేను లోపల్లోపల కోళ్ళని పిలుచుకుంటూ పడుకునేదాన్ని, వస్తున్నానర్రా తల్లులూ అని.

మొదట్లో ఏమీ తెలీలేదు. ఇంతేనా అనుకున్నాను. తర్వాత తెలిసొచ్చింది. మెడ మీద చర్మం కమిలి నల్లబడి పొట్టు రేగింది. నోరు ఎండిపోయింది. నాలుక మీద ఏది పెట్టినా గడ్డి నమిలినట్టే. గుటక వేస్తే గాజుపెంకు దిగినట్టుండేది. మాట సన్నబడి సన్నబడి చివరికి బుసలా మిగిలింది. దుకాణాల వాళ్ళతో మా ఆయన మాట్లాడాల్సొచ్చింది. "ఊ" అంటాడు, వాళ్ళు అడిగిన రేటుకి ఇచ్చేస్తాడు. పక్కన కూర్చుని నేను తొడ మీద కొట్టుకోవడమే తప్ప ఏం చెయ్యగలను?

జాకెట్లు వదులైపోయాయి. గాజులు మోచేతి దాకా జారేవి. మా ఆయన జావ కాచి చల్లార్చి, చెంచాతో పట్టుకుని నా ముందు కూర్చునేవాడు. నాలుగు చెంచాలు దిగేసరికి నా కళ్ళమ్మట నీళ్ళు. ఐదోది వద్దని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఆయన ఆ చెంచా అలాగే పట్టుకుని, పొలిమేర దాటి పోతున్న బస్సుని చూసినట్టు నన్ను చూసేవాడు. అప్పుడు ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు తట్టలేదు. తట్టాల్సింది. ఇన్నేళ్ళు ఆయన పక్కనే పనిచేశాను కదా.

కోడికి మందు పట్టుకుని నోట్లో పొయ్యం. అన్ని వేల కోళ్ళకి ఎవడు పోస్తాడు? ట్యాంకు నీళ్ళలో కలుపుతాం. కోడిపిల్లలు కొత్తగా దిగినప్పుడు, టీకాలేసినప్పుడు, ఎండదెబ్బకి సోలిపోయినప్పుడు, విటమిన్ పొడి తూచి నీళ్ళలో వేస్తాడు మా ఆయన. తాగుతావా అని కోడిని అడిగేదేం లేదు. దాహమేస్తే అదే తాగుతుంది. ఒక ఎండాకాలం మందకి మంద రెక్కలు వాల్చేసి నోళ్ళు తెరుచుకుని పడిపోతే, ఆయన ఇలాగే నీళ్ళలో కలిపి నిలబెట్టాడు. ఆ కథ ఒక్కటే ఆయన నలుగురిలో చెప్పుకునేది. అది కూడా నేను పక్కనుండి అందిస్తేనే.

ఆ రోజుల్లోనే మా అత్తగారు ఓ మధ్యాహ్నం గ్లాసు దించి, "ఈమధ్య నీళ్ళు కాస్త తియ్యగా ఉంటున్నాయే, బాగున్నాయి" అంది. ఆవిడకి కట్టుడు పళ్ళు, ఏం తిన్నా ఒకటే రుచి అంటూ రోజూ వంకలు పెట్టే మనిషి. ఏదైనా బాగుందనడమే గొప్ప. నాకెలాగూ రుచి తెలీదు. ఎవరం పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున బాత్రూములో నా ప్రాణం పైకే పోయింది. ఒంటేలు పచ్చగా, పసుపు గుడ్డ పిండినట్టు పోతోంది. మర్నాడూ అంతే. అద్దం ముందుకెళ్ళి కనురెప్పలు కిందకి లాగి చూసుకున్నాను. గోళ్ళు చూసుకున్నాను. కాలేయానికి పాకేసింది, ఇంకేముంది, అయిపోయింది నా పని అనుకున్నాను. మెట్ల మీద కూలబడి ఏడిస్తే ఏడుపుకి కూడా చప్పుడు రాలేదు. మనసారా ఏడవడానికి కూడా గొంతుండాలని అప్పుడే తెలిసింది.

పరుగున ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ కళ్ళు చూసి, పొట్ట నొక్కి, రక్తం తీయించింది. సాయంత్రం దాకా ఆ బెంచీ మీద నేను ఎన్ని చావులు చచ్చానో నాకే తెలుసు. ఫలితం చేతిలో పట్టుకుని వచ్చి, "లివరు శుభ్రంగా ఉంది," అంది. తర్వాత నన్ను తేరిపార చూసి, "విటమిన్లేమైనా వేసుకుంటున్నారా? బి విటమిన్ ఉంటే రంగు ఇలాగే వస్తుంది" అంది.

"మీ మీద ఒట్టు," అని బుసకొట్టాను. "ఒక్క మాత్ర ముట్టుకుంటే నా నోరు పడిపోను."

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేల చూస్తున్నాడు. ఆయనెప్పుడూ నేలే చూస్తాడు, అందుకని నాకేం అనిపించలేదు.

ఇంటికొచ్చి మంచం మీద వాలానో లేదో మా అత్తగారు తలుపు దగ్గరగా వేసి, నా చెవి దగ్గర కూర్చుంది. "అమ్మాయ్, నీకు చెప్దామా వద్దా అని వారం నుంచీ నలిగిపోతున్నానే. నాకూ వచ్చేసింది," అంది.

"ఏమొచ్చింది?"

"నీకొచ్చిందే. పచ్చగా పోతోంది. అబ్బాయికి చెప్పకు, వాడు ఇద్దర్ని చూసుకోలేడు. నీదవనీ ముందు, నేను తర్వాత చూపించుకుంటా." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. నవ్వు రాలేదు. షెడ్డులో ఒక్క కోడి ముడుచుకుని కూర్చుంటే మా ఆయన దాన్ని పట్టుకుని కన్నూ ముక్కూ చూస్తాడు. రెండు మూడు ఒకేలా కనబడితే మాత్రం కోళ్ళ జోలికే పోడు, తిన్నగా నీళ్ళ ట్యాంకు దగ్గరికి నడుస్తాడు. నేనూ లేచి తిన్నగా వంటింట్లోకి నడిచాను.

కుళాయి ఉన్న స్టీలు డబ్బాలో ఉంటాయి మా మంచినీళ్ళు. అందరం స్టీలు గ్లాసుల్లోనే తాగుతాం. ఓ గాజు గ్లాసు కడిగి, కుళాయి తిప్పి పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. లేత పసుపు. డబ్బా ఉన్న గట్టు కింది అర తలుపు తీసి చెయ్యి పెట్టాను. బియ్యం డబ్బా వెనకాల, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసిన పొట్లం. మీద కోడి బొమ్మ. షెడ్డులో వాడే పొడే. పక్కనే చిన్న తూకం చెంచా.

నా ఒంట్లో అంత బలం ఇంకా ఉందని నాకే తెలీదు. పొట్లం పట్టుకుని పెరడు దాటి, గేటు దాటి, షెడ్డు తలుపు ధడాల్న తోశాను. పిలవలేదు. పిలవడానికి గొంతెక్కడిది? ఆ మాట కూడా తర్వాత తట్టిందే, అప్పుడైతే ఒళ్ళు తెలీలేదు. కోళ్ళ మందంతా ఒక్కసారి లేచింది. రెక్కల హోరు, దుమ్ము, ఈకలు. తెల్లగా ఓ అల విరిగినట్టు అవతలి మూలకి పోయి గుట్టగా పడ్డాయి. మా ఆయన బక్కెట్టు వదిలేసి పరిగెత్తి, ఆ గుట్టలోకి రెండు చేతులూ దూర్చి, పైవాటిని పైవాటినే లాగి వెనక్కి విసురుతున్నాడు. నేను వెనకాలే వెళ్ళి పొట్లం ఆయన వీపుకేసి కొట్టాను. లేత పసుపు పొడి ఆయన చొక్కా నిండా, జుట్టు నిండా పడింది.

"ఏంటిది?" అన్నాను. బుస. "ఏంటయ్యా ఇది? నేను కోడినా నీకు?"

ఆయన ఆగలేదు. లాగుతూనే ఉన్నాడు. అడుగున ఉన్నవి కొన్ని అప్పటికే మెడలు వేలాడేశాయి. వాటిని వరసగా పక్కన పెట్టి, అప్పుడు లేచి, పొడి పడిన ముఖంతోనే నావైపు తిరిగాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన నాతో ఒక్క దమ్మున అంత మాట్లాడింది అదే.

"ఆవిడ ఎక్కువ మోతాదు వద్దంది. కొంచెమైతే పర్లేదనుకున్నా. నీ బరువు తూచి, తగ్గించే వేశా. నాలుగు చెంచాలు తిని చెయ్యి అడ్డం పెడుతున్నావు. రోజూ తగ్గిపోతున్నావు. షెడ్డులో ఒక కోడి నీలా తయారైతే నేను చూస్తూ కూర్చుంటానా? నాకొచ్చింది ఇదొక్కటేనే. ఇంకేం వచ్చు నాకు? నిన్ను ఆ గదిలో పెట్టి తలుపేస్తారు. నేను బయట బెంచీ మీద కూర్చుంటా. నేనేం చెయ్యను? చెప్పు, నేనేం చెయ్యను?"

ఆయన మీద జాలి వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. "నా గొంతు తీసేశావురా," అన్నాను. ఎన్ని తిట్టినా ఎప్పుడూ ఆయన్ని రా అనలేదు. ఆ మాట కూడా సగమే బయటికొచ్చింది. కానీ ఆయనకి వినబడింది.

మర్నాడు డాక్టరమ్మతో ఆయనే చెప్పాడు. చేతులు కట్టుకుని, కోడి బొమ్మ పొట్లం బల్ల మీద పెట్టి, ఎప్పట్నుంచి వేస్తున్నాడో, ఎంత వేశాడో, అన్నీ దాచకుండా చెప్పాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పొట్లం తిప్పి వెనకాల రాసింది చదివి, నా కాగితాల్లో రాసుకుంది.

"ఆపేశారు కదా. మిగిలిన ట్రీట్‌మెంట్ పూర్తి చేద్దాం," అంది.

"దీనివల్ల పని పాడైందా అండీ?" అన్నాడు ఆయన.

"చెప్పలేను."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"గడ్డ పోయిందా లేదా అన్నది మూడు నెలలాగి చూస్తే తెలుస్తుంది. ఇది కలిపినందుకే అలా అయిందా అన్నది నాకే కాదు, ఎవరికీ తెలీదు."

ఔనంటే ఆయన ఏడ్చి ఊరుకునేవాడేమో. కాదంటే బతికిపోయేవాడు. ఎవరికీ తెలీదనే మాట పట్టుకుని మనిషి ఎక్కడికి పోతాడు? ఆ బరువు ఆయన భుజాల మీద అప్పుడే కూర్చుంది. నేను చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు.

ఆ రోజు నుంచి నేను ఆయన చేతి నీళ్ళు ముట్టుకోలేదు. మూత బిగుసుకునే స్టీలు బాటిల్ ఒకటి కొనుక్కుని, కుళాయి దగ్గర నేనే పట్టుకుని, ఎక్కడికెళ్ళినా చంకలో పెట్టుకుని తిరిగాను. నా వల్ల కానినాడు అత్తగారి చేత పట్టించుకున్నాను. జావ కూడా ఆవిడే కాచేది. ఆవిడకి సంగతంతా తెలిసింది. కొడుకుని ఓ పూటంతా తిట్టిపోసి, ఆ వెంటనే, "మరి నాకేం లేనట్టేగా?" అని నన్నడిగింది. ఆయన చెంచా పట్టుకోవడం మానేశాడు. గుమ్మం దగ్గర నిలబడి, నేను తిన్నానా లేదా అని చూసి వెళ్ళిపోయేవాడు. నేను బాటిల్ మూత తిప్పుతుంటే ఆ చప్పుడుకి ఆయన తల వంచుకోవడం నాకు కనబడేది. కనబడాలనే తిప్పేదాన్ని. అంత కోపం నాకు.

రేడియేషన్ అయిపోయింది. మెల్లగా చర్మం మానింది. ఉప్పు ఉప్పులా, తీపి తీపిలా తెలియడం మొదలైంది. గొంతు కూడా గరగరమంటూ కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఒక దుకాణం వాణ్ణి ఫోన్లో తిడితే వాడు తిరిగి తిట్టకుండా, "అక్కా, వచ్చేశావా అక్కా" అని ఏడ్చాడు. ఓ పొద్దున పెరట్లో బట్టలారేస్తుంటే షెడ్డు వైపు నుంచి వింత కూత వినబడింది. మా ఆయన. తలుపు బయట నిలబడి, నా మాటలు నాలాగే అనబోతున్నాడు. "వస్తున్నాను... అర్రా... తల్లులూ." పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒక్కొక్క ముక్కా. లోపల కోళ్ళు కంగారుగా కొక్కొక్కోమన్నాయి. తీగ మీద తడి చీర అలాగే వదిలేసి నేను ఇంట్లోకొచ్చేశాను. ఈ మనిషి నా గొంతు పోతుందని ముందే తేల్చేసుకున్నాడు, అందుకే నేర్చుకుంటున్నాడని నాకు మండింది. కానీ నేను లేకపోయినా నా మాట ఆ షెడ్డులో ఉంటుందని కూడా అనిపించింది.

మూడు నెలలయ్యాక మళ్ళీ ముక్కులోంచి గొట్టం. డాక్టరమ్మ తెర మీద ఒకటికి రెండుసార్లు చూసింది. మళ్ళీ ముక్క కోశారు. గడ్డ మిగిలింది.

తీసెయ్యాలి. ఇంకో దారి లేదు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? బతకాలి కదా. కారిడార్లో గోడకి ఆనుకుని మా ఆయన నిలబడ్డాడు. అక్కడే జారి నేల మీద కూర్చుండిపోయాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన కాళ్ళు దాటుకుంటూ వెళ్ళారు.

ఆపరేషను రేపు పొద్దున. ఇవాళ ఉదయం నుంచీ నా మంచం దగ్గర ఫోను మోగుతూనే ఉంది. దుకాణాల వాళ్ళు, లారీల వాళ్ళు. ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలీదు, రేట్లు అడిగి పెట్టేశారు. ఆడపడుచు ఫోన్లోనే బావురుమంది. అత్తగారు వచ్చి, నా చేత మూడుసార్లు "అత్తయ్యా" అనిపించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. అందరితో మాట్లాడాను. ఉన్న గొంతంతా మొహమాటం లేకుండా ఖర్చు పెట్టాను. ఆయనతో తప్ప.

మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే మిగిలాం. కిటికీలోంచి ఎండ మంచం మీదకొచ్చింది. ఆయన స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"నా వల్లే అను," అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను.

"డాక్టరమ్మ చెప్పలేనంది. నువ్వన్నా చెప్పు. నా వల్లే అను, లేకపోతే కాదను. రేపట్నుంచి అనలేవు కదా. ఏదో ఒకటి నీ నోటితో అనెయ్యి. దాంతో బతికేస్తాను."

"నాకు తెలీదు," అన్నాను. అబద్ధం చెప్పి ఆయన్ని గట్టెక్కించాలనే ఉంది. నిజం చెప్పి కసి తీర్చుకోవాలని కూడా ఉంది. నా దగ్గర ఆ రెండూ లేవు. ఉన్నదల్లా ఆ తెలీకపోవడమే.

ఆయన తలూపాడు. పొద్దుట్నించి వాగివాగి నా గొంతు ఎండిపోయింది. చంకలోంచి బాటిల్ తీసి ఊపి చూశాను. ఖాళీ. మూత తిప్పిన చప్పుడుకి ఆయన అలవాటుగా తల వంచుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. గదిలో మూల బల్ల మీద గాజు జగ్గులో నీళ్ళున్నాయి, దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. ఆయన దానివైపు చూసి కూడా అటు వెళ్ళలేదు. తలుపు వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"నర్సుని పిలుచుకొస్తాను," అన్నాడు. "నీళ్ళు పోస్తుంది."

నాలుగడుగుల దూరంలో నీళ్ళు పెట్టుకుని, నేను తాగాలని, వేరే మనిషిని తీసుకురావడానికి పోతున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు, గరగరలాడుతూ, పగిలిపోతూ, అయినా నాదే, పాత మైకే, ఆ అంతస్తంతా వినబడేలా లేచింది.

"నర్సెందుకయ్యా? నువ్వేం చచ్చావా? కళ్ళెదురుగా నీళ్ళు పెట్టుకుని ఊరంతా తిరుగుతావేం? కట్టుకున్న పెళ్ళాం దాహంతో చస్తుంటే గుడ్లప్పగించి చూస్తావేంటి? నీళ్ళు నువ్వు తే!"

పక్క గదిలో ఎవరో తలుపు తీసి చూశారు. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తిరిగి వచ్చాడు. జగ్గు ఎత్తి గ్లాసులోకి వంపబోయి సగం బల్ల మీద పోశాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకొచ్చి, నాకివ్వకుండా, ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండకెత్తి పట్టుకున్నాడు, నీళ్ళు తేటగా ఉన్నాయని నాకు కనబడేలా. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చూపించక్కర్లేదు," అన్నాను. గొంతు అప్పుడే మళ్ళీ బుసలోకి దిగిపోయింది. "ఇటివ్వు."

గుక్క గుక్కకీ నొప్పే, అయినా అడుగుదాకా తాగాను. మామూలు నీళ్ళు. గ్లాసు ఆయన చేతికిచ్చి, ఇంకొంచెం పొయ్యమన్నాను.